లేని లైటుకు వైరెందుకు?



ఈ నడుమ మన దిక్కు చాన మంది కొత్త ట్రాక్టర్లు, సెకండ్ హ్యాండ్ కార్లు కొంటున్నరు. కొన్న పది దినాలకు ఏదో పని మీద బానెట్ లేపుతరు, లేకుంటే బంపర్ కింద చెయ్యి పెడుతరు. అక్కడ ఒక కప్లర్ దేనికీ తగలకుంట, టేపు చుట్టి వేలాడుతుంటది. డ్యాష్‌బోర్డు మీద చూస్తే నాలుగు స్విచ్‌ల జాగల రెండు ఉత్త మూతలే ఉంటయి. ఇగ అప్పటి నుంచి అనుమానం మొదలైతది. "షోరూమోడు సామాను పీకి అమ్ముకున్నడు" అని ఒకరంటరు. "ఇది ఎవలో తిప్పిచ్చిన బండి, మనకు అంటగట్టిండ్రు" అని ఇంకొకరంటరు. "ఉత్త వైరే గదా, కోసి పారేయ్" అని మూడో ఆయన పట్కారు తీస్తడు.

ఈ మూడు మాటలు నేను మా ఊర్లె గడిచిన ఏడాదిల కనీసం పది సార్లు విన్న. అందుకే ఈ పోస్టు. కొంచెం పొడుగుంటది, ఓపికతోని సదువుండ్రి. నేను ఇంటర్ దాకా సదివినోన్ని, ఇంజనీర్ను కాదు. కానీ ముప్ఫై ఏండ్ల సంది ట్రాక్టర్‌తోనే బతుకుతున్న. మిస్త్రీల దగ్గర కూసొని అడిగి తెలుసుకున్నది, సదివి తెలుసుకున్నది చెప్తున్న.

ముందు ఈ వైర్ల కట్ట సంగతి. మన మిస్త్రీలు దీన్ని వైరింగ్ కిట్ అంటరు. బండిల ఒక్కొక్క వైరు విడిగ తెచ్చి గుంజరు. వేరే ఫ్యాక్టరీల పెద్ద చెక్క బోర్డు మీద మేకులు కొట్టి, ఆ మేకుల నడుమ నుంచి వైర్లు పర్చి, టేపు చుట్టి, కప్లర్లు ఎక్కించి, మొత్తం ఒక చెట్టు కొమ్మల తీరు తయారు చేస్తరు. దేశంల ఈ పని చేసే పెద్ద కంపెనీల్ల మదర్సన్ ఒకటి. అది 1975ల మొదలై, 1986ల జపాన్ సుమిటోమోతోని కలిసింది. బండి లోపల ఇంజన్‌ను రోబోలు ఎక్కిస్తయేమో గానీ, ఈ కిట్ కట్టుడు మాత్రం ఇప్పటికీ ఎక్కువ భాగం మనుషుల చేతుల మీదనే నడుస్తది. మెత్తగ వంగే వైరును పట్టుకునుడు మిషన్‌కు కష్టం. ఇయ్యాల్టి కారుల ఉన్న వైర్లన్ని ఒకటికొకటి అతికిస్తే కిలోమీటర్ దాటుతది. ఇంజన్, గేర్ బాక్స్ అసొంటివి పక్కన పెడితే, బండిల బరువైన, ఖరీదైన సామాన్లల్ల ఈ కిట్ కూడ ఒకటి.

ఇప్పుడు లెక్క చూడుండ్రి. ఒక కారుకు ఫాగ్ లైట్ ఉండొచ్చు, ఉండకపోవచ్చు. అంటే కిట్లు 2 రకాలు కావాలె. దానికి వెనక కెమెరా కూడ కలిస్తే 4 రకాలు. మూడోది అద్దాలు మడతపడే మోటర్ కలిస్తే 8. ఇట్ల పది ఫీచర్లు ఉన్నయనుకోండి, ఉన్నది లేనిది అన్ని తీర్ల కలిపితే 1,024 రకాల కిట్లు అయితయి. ఒక్క మోడల్ బండికి వెయ్యి రకాల కిట్లు కట్టాలె, వెయ్యి నంబర్లు పెట్టాలె, గోదాంల వెయ్యి కుప్పలు పొయ్యాలె, లైన్ మీద బండి వచ్చేటాల్లకు దాని కిట్ దానికే అందియ్యాలె. ఒక్కటి తారుమారైతే డ్యాష్‌బోర్డు మొత్తం ఇప్పి మళ్ల ఎక్కియ్యాలె.

మన జహీరాబాద్ల మహీంద్ర ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఉంది. అటు పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ 2019ల మొదలైంది. ఏ ఫ్యాక్టరీ అయినా లైన్ ఆగొద్దు అన్నదే వాళ్ల మొదటి లెక్క. అందుకే చాన కంపెనీలు ఏం చేస్తయంటే, వెయ్యి రకాల జాగల ఐదారు రకాల కిట్లే పెట్టుకుంటయి. టాప్ మోడల్‌కు కావాల్సిన వైర్లు కొన్ని బేస్ మోడల్ కిట్‌ల కూడ ఉంటయి. రెండు మీటర్ల రాగి వైరు, ఒక ప్లాస్టిక్ కప్లర్ ఉత్తగ పోయినా సరే, ఇంకో రకం కిట్ పెట్టుకునే ఖర్చు కన్న అది తక్కువ. మన బండిల వేలాడే కప్లర్ కథ ఇంతే. ఎవలూ ఏం పీకలే, ఏం దాయలే.

సిరిసిల్ల సాంచాల మీద పని చేసినోళ్లను అడిగితే ఈ ముచ్చట ఒక్క నిమిషంల అర్థం చేసుకుంటరు. ఒకటే రకం గుడ్డ నెల రోజులు నడిస్తే ఆసామికి గిట్టుబాటు. వారానికో రకం మార్చుమంటే భీము దించుడు, పోగులు అతుకుడుతోనే పొద్దు గూకుతది, సాంచ ఆగుతది, మీటర్లు పడవు. 2017ల బతుకమ్మ చీరల ఆర్డర్ మొదలైనప్పుడు అక్కడోళ్లకు ధైర్యమొచ్చిన కారణాలల్ల అదొకటి, ఒకే తీరు పని వరుసగ దొరికింది. రకాలు పెరిగితే ఖర్చు పెరుగుతది. గుడ్డకైనా, వైరుకైనా అదే లెక్క.

మన ఇండ్ల సంగతే చూడుండ్రి. స్లాబు పోసేటప్పుడు ఏసీ లేకున్నా ఏసీ పాయింటుకు పైపు ఏస్తం. ఇన్వర్టర్ కొనే తాహతు లేకున్నా దానికో లైన్ గుంజి పెడతం. స్లాబు అయినంక గోడ పగలగొడితే ఎంత ఖర్చో తెలుసు గనుక. పొలంల డ్రిప్ మెయిన్ లైన్ ఏసేటప్పుడు కూడ, వచ్చే ఏడు పక్క మడికి కావాలెనని ఒక టీ పెట్టి ఎండ్ క్యాప్ బిగిస్తం. కంపెనోడు చేసేది గూడ గదే.

అన్ని కంపెనీలు ఇట్లనే చేస్తయని కాదు. జర్మనీ పెద్ద కార్ల కంపెనీలు కొన్ని ఏ బండికి ఆ బండికే కిట్ కట్టిస్తయి. కొన్నాయన ఏ ఫీచర్ అడిగిండో దానికి సరిపోను వైర్లే ఉంటయి, ఒక్కటి ఎక్కువ ఉండది. దాంట్ల రాగి మిగులుతది, బరువు తగ్గుతది. కానీ ఎవుసంల తీరే అక్కడ గూడ ఒక దిక్కు లాభం, ఒక దిక్కు నష్టం. 2022ల రష్యా–ఉక్రెయిన్ లడాయి మొదలైనప్పుడు పశ్చిమ ఉక్రెయిన్ల ఈ కిట్లు కట్టే ఫ్యాక్టరీలు ఆగినయి. వారాల్లనే ఫోక్స్‌వ్యాగన్, బీఎండబ్ల్యూ ఫ్యాక్టరీల్ల లైన్లు ఆగినయి. ఏ బండికి ఆ కిట్ అయితే, ముందుగాల కట్టి గోదాంల పెట్టుకునే వీలుండది కదా. ఇంజన్ ఉంది, టైర్లు ఉన్నయి, బాడీ ఉంది, వైర్లు లేక బండి లేదు.

మనకు దీంట్ల ఒక మేలు గూడ ఉంది. కిట్లు తక్కువ రకాలైతే స్పేర్ తొందరగ దొరుకుతది. పశువుల కొట్టంల నిలబెట్టిన ట్రాక్టర్ వైర్లు ఎలుకలు కొరికితే, జగిత్యాలల నో, కోరుట్లల నో ఆ కిట్ ఉంటదా లేక కరీంనగర్, హైదరాబాద్ నుంచి తెప్పియ్యాలెనా అన్నది నాట్లప్పుడు ఎంత పెద్ద ముచ్చటో మీకు చెప్పే పని లేదు.

ఇంకో కారణం సర్కారు రూల్స్. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బైకులకు హెడ్‌లైట్ ఎప్పుడూ వెలుగాలె అన్నరు, ఆఫ్ చేసే స్విచ్ పోయింది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బైకులకు ఏబీఎస్ తప్పనిసరైంది. కార్లల్ల డ్రైవర్ ముందట ఎయిర్‌బ్యాగ్ 2019 జులై నుంచి, పక్క సీటుకు 2021 ఆఖరుకల్లా తప్పనిసరైంది. 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి కొత్త పొగ రూల్ వచ్చింది. రేపు ఏ రూల్ వస్తదో ముందుగాలనే తెలుస్తది గనుక, దానికి కావాల్సిన జాగ, వైరు ముందే పెట్టుకునుడు కంపెనీకి అలవాటు.

సరే, వైరు ఉంది గదా, లైటు కొని తగిలిస్తే వెలుగుతదా? ఇక్కడనే మనోళ్లు ఎక్కువ మోసపోతరు. వైరు ఒక్కటుంటే సరిపోది. దానికి ఫ్యూజ్ ఉండాలె, రిలే ఉండాలె, స్విచ్ ఉండాలె. చాన బండ్లల్ల కప్లర్ దాకా వైరు ఉంటది గానీ, ఫ్యూజ్ బాక్స్‌ల ఆ జాగ ఖాళీగ ఉంటది. కొత్త కార్లల్ల ఇంకో తిరకాసు. స్విచ్ నొక్కితే కరెంటు నేరుగ లైటుకు పోదు. స్విచ్ ఒక కంప్యూటర్ డబ్బాకు మాట చెప్తది, ఆ డబ్బా లైటుకు కరెంటు ఇస్తది. 1986ల బాష్ కంపెనీ తెచ్చిన పద్ధతి ఇది, రెండు సన్న వైర్ల మీదనే అన్ని డబ్బాలు మాట్లాడుకుంటయి. ఆ డబ్బాకు "ఈ బండికి ఫాగ్ లైటు ఉంది" అని ల్యాప్‌టాప్ పెట్టి చెప్తే తప్ప అది వెలిగియ్యది.

ఇక మా దగ్గర అయిన ముచ్చట చెప్త. ఒక తమ్ముడు రాత్రి దున్నకానికని ట్రాక్టర్ టాప్ మీద రెండు పెద్ద లైట్లు బిగిపిచ్చిండు. ఒక్కొక్కటి 100 వాట్లు. బిగిచ్చినాయన ఖాళీగ ఉన్న ఒక సన్న వైరు దొరికిందని దానికే అతికిచ్చి, ఫ్యూజ్ ఊకె కొట్టుకుంటుందని దాని జాగల రాగి తీగ పెట్టిండు. లెక్క చూస్తే, రెండు లైట్లు కలిపి 200 వాట్లు. 12 వోల్టుల బ్యాటరీ మీద 16 ఆంపియర్లు దాటుతది. ఆ వైరు ఐదారు ఆంపియర్లకు పెట్టింది. మడి నడుమ కాలిన వాసనొచ్చింది. బ్యాటరీ తీగ గుంజి పడేసిండు గనుక ట్రాక్టర్ దక్కింది, కిట్ మాత్రం సగం కరిగింది. వారంటీ అడిగితే, బయట వైరింగ్ కోసినట్టు కనవడుతుంది, మాకు సంబంధం లేదన్నరు. యాసంగి నాట్ల నడుమ పదకొండు దినాలు ట్రాక్టర్ నిలవడ్డది. కిరాయి పోయింది, సొంత మడి గూడ ఆలస్యమైంది.

అందుకే ఖాళీ కప్లర్ కనవడితే కొయ్యద్దు, ఇష్టమున్నట్టు అతికియ్యద్దు. మూత లేకుంటే ప్లాస్టిక్ కవర్ పెట్టి టేపు చుట్టండి, దుమ్ము, నీళ్లు పోకుంట. కార్లల్ల పసుప్పచ్చ గొట్టంల ఉన్న వైర్లను అసలే ముట్టొద్దు, అవి ఎయిర్‌బ్యాగ్‌వి. కరెంటు బండ్లల్ల నారింజ రంగు లావు వైర్లుంటయి, అవి వందల వోల్టులవి, ప్రాణం తీస్తయి. లైట్లు ఎక్కువ కావాలనుకుంటే బ్యాటరీ నుంచి విడిగ లావు వైరు గుంజి, రిలే, సరైన ఫ్యూజ్ పెట్టిపిచ్చుకోండి.

ఇక్కడిదాకా వైరు ఉండి సామాను లేని సంగతి. ఇప్పుడు లోకంల ఇంకో తీరు వస్తుంది, సామాను గూడ ఉండి పని చెయ్యని తీరు. 2022 జులైల బీఎండబ్ల్యూ కంపెనీ కొన్ని దేశాల్ల సీటు వెచ్చగ చేసే ఫీచర్‌కు నెలకు సుమారు 18 డాలర్లు కట్టుమన్నది. సీటు లోపల హీటర్ ఉంది, వైరు ఉంది, స్విచ్ ఉంది. పైసలు కడితేనే తాళం తీస్తరు. జనం తిట్టంగ తిట్టంగ 2023ల ఆ పద్ధతి మానుకున్నరు. టెస్లా కార్లల్ల కొన్నిట్ల పెద్ద బ్యాటరీనే పెట్టి, సాఫ్ట్‌వేర్‌తోని చిన్న బ్యాటరీ తీరు నడిపిచ్చిండ్రు. 2017 సెప్టెంబర్ల అమెరికా ఫ్లోరిడాల ఇర్మా తుఫాన్ వచ్చి జనం ఊర్లు ఖాళీ చేస్తుంటే, కంపెనీ కూసున్న జాగ నుంచే ఆ తాళం కొన్ని దినాలు తీసింది, బండ్లు ఎక్కువ దూరం పోయినయి. మంచి పనే. కానీ తాళం చెయ్యి ఎవలి దగ్గర ఉందో ఆ రోజు అందరికి తెలిసింది.

ఇది మనకెందుకు అంటరేమో. అమెరికా రైతులు ఇదే ముచ్చట మీద జాన్ డీర్ కంపెనీతోని ఏండ్ల తరబడి కొట్లాడుతున్నరు. ట్రాక్టర్ ఆగితే సొంతంగ బాగు చేసుకోనిస్తలేరు, సాఫ్ట్‌వేర్ డీలర్ దగ్గరనే ఉంటుందని వాళ్ల గోస. 2023 జనవరిల ఆ కంపెనీకి, అమెరికా రైతు సంఘానికి ఒక ఒప్పందం అయింది. మళ్ల 2025 జనవరిల అక్కడి సర్కారు సంస్థ ఎఫ్‌టీసీ కంపెనీ మీద కేసు ఏసింది. మన దేశంల గూడ 2022 డిసెంబర్ల కేంద్రం రిపేరు హక్కు పేరు మీద ఒక పోర్టల్ పెట్టింది. అందులో పెట్టిన నాలుగు రంగాల్ల ఎవుసం పనిముట్లు ఒకటి, బండ్లు ఒకటి. అందుకే కొత్త ట్రాక్టర్ కొనేటప్పుడు హెచ్‌పీ, సబ్సిడీ, ఎక్స్‌ఛేంజ్ ఒక్కటే అడగద్దు. "దీంట్ల ఉన్న ఏ సామాను మేము వాడుకోవద్దు? బయట మిస్త్రీ ఏది ముట్టొద్దు? వైరింగ్ కిట్ ధర ఎంత, ఎన్ని దినాల్ల వస్తది?" అని అడిగి, కాగితం మీద రాయించుకోండి.

ఆఖరి ముచ్చట, అసలు ముచ్చట. నేను ఈ పోస్టు రాసింది ముఖ్యంగ దీని కోసమే.

లేని సామానుకు వైరున్న బండి ఎక్కడో లేదు. మన ట్రాక్టరే. చాన ట్రాక్టర్లకు వెనక మడ్‌గార్డ్ దగ్గర గుండ్రంగ, మూతతోని ఒక సాకెట్ ఉంటది. ఏడు రంధ్రాలుంటయి. అది ట్రాలీ లైట్ల కోసం. ఎడమ ఇండికేటర్, కుడి ఇండికేటర్, బ్రేకు లైటు, వెనక ఎర్ర లైట్లు, అర్త్, అన్నీ దాంట్లకు వచ్చి కూసున్నయి. మనం ట్రాక్టర్ కొన్న దినమే దానికి పైసలు కట్టినం. ట్రాలీకి మాత్రం లైట్లుండయి. కొన్న కొత్తల ఉన్నా, మొరం కొట్టంగ, వడ్లు ఎత్తంగ పలిగిపోతయి, మళ్ల పెట్టరు.

వడ్ల సీజన్ల మన 63 నంబర్ హైవే మీద రాత్రి పూట పోయి చూడుండ్రి. మెట్‌పల్లి నుంచి కోరుట్ల, కోరుట్ల నుంచి జగిత్యాల. మిల్లుకు పోయే ట్రాలీలు వరుసగ ఉంటయి. బస్తాల మీద తాటిపత్రి కప్పి ఉంటది, ఒక్క ఎర్ర లైటు ఉండది. ఒక పక్క రోడ్డు మీద వడ్లు ఆరబోసి రాళ్లు పెట్టి ఉంటరు. ఎదురుంగ లారీ లైట్లు కండ్లల్ల కొడితే, ముందట ట్రాలీ ఉందో లేదో బైకోనికి కనవడది. కనవడేటాల్లకు బ్రేకు కొట్టే దూరం ఉండది.

మా పక్క ఊరి పిల్లగాడు గట్లనే పోయిండు. ఇరవై ఆరేండ్లు. దుబాయిల నాలుగేండ్లు పని చేసి, చెల్లె పెండ్లికని సెలవు మీద వచ్చిండు. పత్రికలు పంచి వస్తుండు. హెల్మెట్ గూడ ఉండె. ఆగి ఉన్న ట్రాలీ, వడ్ల లోడ్‌ది, టైర్ పంచర్ అయి రోడ్డు పక్కకు పెట్టిండ్రు. తెల్లారి నేను ఆ జాగకు పోయిన. ట్రాక్టర్ ఇంకా అక్కడనే ఉంది. వెనక సాకెట్ మూతకు కంపెనీ ఏసిన ప్లాస్టిక్ కవర్ గూడ అట్లనే ఉంది. ఎవలూ ఒక్కసారి తెరవలే. ఆ ట్రాక్టర్ ఆయన గూడ మన అసొంటి రైతే, చెడ్డోడు కాదు. ఇప్పటికీ ఆ పిల్లగాని ఇంటి ముందల నుంచి పోడు, చుట్టు తిరిగి చెరువు కట్ట మీద నుంచి పోతడు.

ఏం చెయ్యాలంటే, పని చిన్నదే. ట్రాలీకి వెనక రెండు లైట్ల సెట్లు, ఏడు పోగుల వైరు, సాకెట్‌కు సరిపోయే ప్లగ్గు కొనండి. వైరును ట్రాలీ చాసి లోపల పక్క నుంచి పైపుల పెట్టి గుంజియ్యండి, మొరం రాళ్లు తగలకుంట. లైట్లను డాల కింద లోపలికి పెట్టి, ముందట ఇనుప జాలి కొట్టియ్యండి, పలగవు. అర్త్ వైరు మంచిగ బిగించాలె, చాన మంది లైట్లు మిణుకు మిణుకు మనేది అర్త్ లూజు వల్లనే. మొదలు 12 వోల్టుల బల్బుతోని సాకెట్ ఏ రంధ్రంల ఏం వస్తుందో చూసుకొని, అప్పుడు ప్లగ్గు కట్టియ్యండి. మా ట్రాలీకి లైట్లు, వైరు, ప్లగ్గు, మిస్త్రీ కూలి అన్ని కలిపి రెండు వేలు దాటలే. వెనక ఎర్ర రేడియం, పక్కల పసుప్పచ్చ రేడియం అంటియ్యండి, కరెంటు లేకున్నా, ట్రాక్టర్ ఇడిసిపెట్టి పోయినా అది మెరుస్తది. ట్రాలీ పంచరైతే రోడ్డు మీద ఉత్త రాళ్లు పెట్టకుంట, వెనక చాన దూరంల ఎర్ర రేడియం బోర్డు నిలబెట్టండి.

మన బండిల కొన్ని వైర్లు మనకు పనికిరాయి, వాటిని అట్లనే ఉండనియ్యండి. ట్రాక్టర్ వెనక ఉన్న ఆ ఏడు వైర్లు మాత్రం మనకే గాదు, మన వెనక వచ్చేటోనికి కావాలె. వడ్లు కోతకు రాకముందే ఒక పూట తీసుకోండి. మీ ఊర్ల ఎన్ని ట్రాలీలున్నయో లెక్క తీసి, మిస్త్రీని ఒక్కదినం ఊరికే పిలిపిచ్చుకుంటే అందరియి ఒకేసారి అయిపోతయి, కూలి గూడ తక్కువ పడతది. మా ఊర్ల తొమ్మిది ట్రాలీలకు అయింది, ఇంకా నాలుగున్నయి. వచ్చే ఐతారం అవి గూడ పట్టుకుంటం.

పైలంగ ఉండుండ్రి. ఉంట మరి.